స్టాఫ్‌రూములో దీపం

నరసరావుపేటలో ప్రైవేటు బళ్లలో పాఠాలు చెప్పేవాళ్లకి ఏప్రిల్ వస్తే రెండు భయాలు. వేసవి సెలవులకి జీతం ఇస్తారా ఇవ్వరా అనేది ఒకటి. జూన్‌లో మళ్లీ ఇదే గేటులోంచి లోపలికి వస్తామా అనేది రెండోది. బడి నడిపేవాళ్లకి ఉండే భయం ఒక్కటే, వీళ్లలో ఎంతమంది మిగులుతారా అని. అందుకే ఆ నెలంతా ఒకరి మొహం ఒకరు అనుమానంగా చూసుకుంటూ తిరుగుతాం. మామూలుగా నవ్వినా దాని వెనక ఏదో ఉందనే అనుకుంటారు.

నేను సోషల్ టీచర్ని. బీఈడీ అయి, పెళ్లయి, నూజెండ్ల దగ్గరి పల్లె నుంచి పేటకి కాపురానికి వచ్చినప్పుడు నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆ బడే. దాని కరస్పాండెంటుని మేమంతా పెద్దసారు అనేవాళ్లం. చంటిపిల్లతో ఉద్యోగం ఏం చేస్తావని మా వాళ్లే అడ్డం చెబుతున్న రోజుల్లో ఆయన స్టేషనరీ గదిలో కొక్కేనికి ఉయ్యాల కట్టించి, "నువ్వు క్లాసుకి పో అమ్మాయ్, ఆయా చూసుకుంటది" అన్నారు. కరోనాలో బళ్లన్నీ మూతబడి, మాలాంటి వాళ్లు తోపుడుబండ్ల మీద కూరగాయలు అమ్ముకుంటున్నప్పుడు, స్టాఫందరి ఇళ్లకీ బియ్యం బస్తా వేయించారు. అవేవీ నేను మర్చిపోలేదు. ఆయన కూడా మర్చిపోలేదు, అదే చిక్కు. ఎవరైనా జీతం పెంచమని వెళ్తే ఆ బియ్యం బస్తా మాట ఆయన నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఆగిపోయినా మాకు వినబడేది.

అయినా మనిషి మంచివాడే. మా ఊళ్లో చాలా బళ్లలో చేరేటప్పుడే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మధ్యలో మానేస్తే అవి మళ్లీ చేతికి రావడానికి చెప్పులరిగేలా తిరగాలి. పెద్దసారు మాత్రం ఎవరి కాగితమూ పెట్టుకోలేదు. "కాయితం నా బీరువాలో ఉంటే మనిషి నా బళ్లో ఉన్నట్టేనా అమ్మా? నాకు మాట కావాల" అనేవారు. ఆ మాటని అంత పట్టుదలగా ఒకరోజు అడుగుతారని మాకు తెలియదు.

మే నెలలో మాకు ఇంకో పని ఉంటుంది. ఎండలో ఆటోలు వేసుకుని, పాంప్లెట్లు పట్టుకుని, ఊళ్ల మీద పడి అడ్మిషన్లు తేవాలి. దాన్ని క్యాంపెయిన్ అంటారు. ఒక్కో టీచరుకి ఒక్కో ఊరు. నాది రొంపిచెర్ల. బడి పేరు గుర్తులేని తల్లులు కూడా అక్కడ నన్ను గుర్తుపట్టేవాళ్లు. బస్సు ఎన్నింటికి వస్తుంది, ఏసీ ఉందా అని మగాళ్లు అడుగుతారు. ఆడవాళ్లు అడిగేది ఒక్కటే, "మీరుంటారుగా మేడం?" అని. "ఉంటానమ్మా, నేనెక్కడికి పోతాను" అని ఏటా చెప్పేదాన్ని. అది నిజమే కాబట్టి చెప్పడానికి కష్టంగా ఉండేది కాదు.

ఆ ఏడాది బైపాసు పక్కన కొత్త బడి లేచింది. అద్దాల బిల్డింగు, రంగుల బస్సులు. దసరా సెలవులకి ఇంటికెళ్లిన మా ఫిజిక్స్ సారు తిరిగి మా గేటు తొక్కలేదు. కొత్త సంవత్సరం కేకు మాతోనే కోసిన ఇంగ్లీషు మేడం మర్నాడు వాళ్ల బస్సులో కనిపించింది. పెద్దసారు ప్రార్థన అయ్యేదాకా గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. మేమొచ్చే టైము చూడటానికని పైకి చెప్పేవారు గానీ, అసలు వస్తామో రామో చూడటానికే.

మార్చిలో ఆ బడి నుంచి నాకూ ఫోనొచ్చింది. హెడ్ మిస్ట్రెస్‌గా రండి, పన్నెండు నెలలూ జీతం ఇస్తాం, మీ అమ్మాయికి ఫీజు లేదు అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ పన్నెండు నెలల మాటకి నా ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్లుగా మే నెలలో ఎండలో తిరిగి, జూన్‌లో అప్పు చేసి పిల్లకి పుస్తకాలు కొన్నదాన్ని. అయితే ఫోన్ చేసినాయన చివర్లో, "రొంపిచెర్ల మేడం మీరే కదా? మీ వెనకాల పిల్లలు వస్తారు కదా?" అన్నాడు. పిలుస్తున్నది నన్నా, నా వెనకాల పిల్లల్నా అని చిరాకేసింది. ఆఖరి పనిదినం సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు.

అప్పటినుంచి ఇంట్లో రోజూ ఇదే గొడవ. మా ఆయన ఎరువుల కొట్లో గుమాస్తా. పెళ్లికి ముందు నుంచీ అదే కొట్టు. "ఎల్తే ఎల్లు, లేకపోతే మానెయ్. అన్నం కాడ ఈ గోలేంది?" అనేవాడు. పదో తరగతిలోకి రాబోతున్న మా అమ్మాయి బడి మారనని ససేమిరా అంది. పెద్దసారు ఎదురైతే తల తిప్పుకునేదాన్ని, తప్పేమీ చెయ్యకుండానే.

ఆఖరి పనిదినం వచ్చింది. ఒంటిపూట బడి అయిపోయి పిల్లలు వెళ్లాక, అందర్నీ స్టాఫ్‌రూముకి రమ్మన్నారు. మామూలుగా ఆ రోజు సమోసాలు, కూల్‌డ్రింకు ఉంటాయి. వెళ్లేసరికి బల్ల మీద పుస్తకాలన్నీ తీసేసి ఉన్నాయి. ఆఫీసుగదిలో ఉండాల్సిన సరస్వతి పటం బల్ల మీదికి వచ్చింది. దాని ముందు ఇత్తడి కుంది, అందులో ఒక్క వత్తి. పక్కన మా ఆయా అగ్గిపెట్టె పట్టుకుని నిలబడి ఉంది. పెద్దసారు అప్పుడే తలస్నానం చేసినట్టున్నారు, జుట్టు తడిగా ఉంది. దీపం రెపరెపలాడకుండా ఫ్యాను ఆపించారు.

"వచ్చే ఏడాదంతా ఈ బడి వదిలి పోమని చెప్పి, ఒక్కొక్కరూ దీపం ఆర్పండి. మీ జీతాల సంగతి తర్వాత మాట్టాడదాం. ముందు నాకు ఇది కావాల" అన్నారు.

మా పల్నాడు పల్లెల్లో గట్టు తగాదా అయినా, ఇంట్లో సొమ్ము పోయినా, ఎటూ తేలకపోతే పెద్దమనుషులు ఆఖరికి అడిగే మాట, "దీపం ఆర్పుతావా?" అని. అబద్ధమాడి ఆర్పినవాడి ఇంట్లో దీపం పెట్టే దిక్కు ఉండదని నమ్మకం. మా పెదనాన్న ఒక గట్టు తగాదాలో దీపం ముందు దాకా వెళ్లి, చెయ్యి చాచలేక, ఆ కాస్త నేలా వదులుకుని ఇంటికొచ్చేశాడు. మేం చదువుకున్నవాళ్లం, పిల్లలకి మూఢనమ్మకాల పాఠం చెప్పేవాళ్లం. అయినా ఆ ఒక్క వత్తినీ చూసేసరికి గదిలో కుర్చీలన్నీ వెనక్కి జరిగాయి.

ముందు నర్సరీ టీచర్లు వెళ్లారు. ఆయా దీపం వెలిగించడం, ఒకరు మాట చెప్పి చేత్తో విసిరి ఆర్పడం, ఆయా మళ్లీ అగ్గిపుల్ల గీయడం. ఆరిన వత్తి పొగ ఆ మూసిన గదిలో కమ్ముకుంటోంది. వాళ్లలో ఒకమ్మాయికి పెళ్లి కుదిరింది. మేలో ముహూర్తం, తర్వాత హైదరాబాదులో కాపురం. ఈ సంగతి పెద్దసారుకి తప్ప అందరికీ తెలుసు. ఆ పిల్ల మాట గొణిగేసి, దీపం ఆర్పి, గోడకి తిరిగి ఏడ్చేసింది.

"ఏడుస్తావేందమ్మా? నా దగ్గర ఉంటానని చెప్పడానికి ఏడవాల్నా?" అన్నారు పెద్దసారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

తర్వాత లెక్కల సారు వంతు. పేటలో ట్రాక్టర్ల మెకానిక్ షెడ్డు వాళ్లది, తురకల అబ్బాయి. కుర్చీలోంచి లేవలేదు.

"దీపం నాకు కుదరదు సార్" అన్నాడు.

"మీ దేవుడి మీదే చెప్పు బాబూ. నాకు అన్నీ ఒకటే."

"అట్టా చెప్తే ఇంక తిరుగుండదు సార్. చానా పెద్ద మాట అది. మా అబ్బా షెడ్డులో పనోళ్లని ఏ రోజూ కసమ్ అడగలా. ఉండేవాడు ఉంటాడు. నేనూ ఉంటాననే అనుకుంటన్నా. ఒట్టు మాత్రం పెట్టను."

పెద్దసారు మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగారు. "నువ్వు రా అమ్మాయ్. నీ సంగతి నాకు తెలుసు. నువ్వు చేస్తే ఆళ్లే చేస్తారు" అన్నారు.

ఆయా పుల్ల గీసింది. సరిగ్గా అప్పుడే నా హ్యాండుబ్యాగులో ఫోను గుర్రుగుర్రుమని కదిలింది. ఎవరి ఫోనో నాకు తెలుసు. అది ఆగేదాకా గదిలో అందరూ నా బ్యాగునే చూశారు. ఆర్పితే ఇక ఆ ఫోను ఎత్తకూడదు. ఎత్తితే నా కూతురికి జ్వరం వచ్చినా, దగ్గు వచ్చినా ఈ వత్తే కళ్ల ముందుకొస్తుంది, నా సంగతి నాకు తెలుసు. ఆర్పకపోతే ఇంతమందిలో నేను పోయేదాన్నని తేలిపోతుంది. ఉయ్యాల కట్టించిన మనిషి ముందు తేలిపోతుంది. ఆ పెళ్లికూతురు ఇంకా గోడ వైపే తిరిగి ముక్కు చీదుకుంటోంది.

"సార్, ఒక్క మాట" అన్నాను. "ముందు మీరు ఆర్పండి."

"నేనా? నేనెందుకు?"

"ఏడాదంతా మేం మిమ్మల్ని వదిలిపెట్టమని చెప్పాలి గదా. మీరు మమ్మల్ని వదిలిపెట్టనని చెప్పండి. మీరు ఆర్పితే మీ వెనకాలే నేను ఆర్పుతాను. ఎవరో ఫోన్ చేశారని పోను."

నాకేదో తెలిసి అన్న మాట కాదది. కోపంలో వచ్చింది. ఒట్టు ఒక వైపు నుంచే ఉండటమేమిటి అనిపించింది, అంతే. ఆయన నవ్వి, "దానికేం భాగ్యం" అంటూ బల్ల దగ్గరికి వచ్చేస్తారని, నేను ఇరుక్కుపోతాననీ అనుకున్నాను.

ఆయన నవ్వారు కూడా. బల్ల దగ్గరికి వచ్చారు. దీపం మీదికి చెయ్యి చాచి, "నేను..." అన్నారు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. మంట వేడి తగులుతున్నట్టుంది, వేళ్లు కొద్దిగా ముడుచుకున్నాయి. మేం ఎదురు చూశాం.

"కానీండయ్యా, నూనె కొంచెమే పోశా, కొండెక్కుద్ది" అంది ఆయా.

పెద్దసారు చెయ్యి వెనక్కి తీసుకుని కుర్చీలో కూలబడ్డారు. కర్చీఫుతో మెడ తుడుచుకున్నారు. మా ఎవరి మొహమూ చూడకుండా, "అమ్మేశానమ్మా" అన్నారు.

"ఏంది సార్ అమ్మింది?"

"బడి. ఉగాదికి ముందే రాతకోతలైనయ్. విజయవాడోళ్లు కొన్నారు. స్టాఫు ఏడాది పాటు కదలకుండా ఉంటేనే బేరం అన్నారు. పిల్లలు మీ మొహాలు చూసే వస్తారంట. ఉత్త బిల్డింగు మాకెందుకన్నారు."

"అంటే మమ్మల్ని గూడా కలిపి అమ్మారా సార్?" అన్నాను.

"ఏటా జూన్లో ఎవురొస్తారో ఎవురు రారోనని గేటు కాడ కుర్చీ ఏసుకుని కూర్చోటం ఇంక నా వల్ల గాలేదు. మీరంతా ఎళ్లిపోతారని భయపడి భయపడి, నేనే ముందు ఎళ్లిపోయా" అన్నారు.

గదిలో ఒక్కసారిగా అందరి గొంతులూ లేచాయి. మా జీతాలెవరిస్తారని ఒకరు, మాకు ముందే చెప్పాలి కదా అని ఒకరు. లెక్కల సారు లేచి ఫ్యాను వేశాడు. ఆయా గభాలున కొంగు అడ్డం పెట్టి, దీపాన్ని ఆఫీసుగదిలోకి తీసుకుపోయింది. పోతూ పోతూ ఆ పెళ్లికూతురి దగ్గర ఆగి, "అమ్మేసిన బడి మీద పెట్టిన ఒట్టు నీకు తగులుద్దా ఏందే? ఏడుపాపి, పోయి పెళ్లి చేసుకో" అంది.

ఆ రోజు నాకు వచ్చిన కోపం మామూలుది కాదు. బర్రెల్ని పాకతో కలిపి అమ్మినట్టు అమ్మాడు కదా అని, ఇంటికెళ్లేదాకా బండి మీద నాలో నేను తిట్టుకుంటూనే ఉన్నాను. అయితే ఇంట్లో మంచినీళ్లు తాగి కూర్చున్నాక ఇంకోటి తట్టింది. ఆయన చెయ్యి ఒక్కసారి విసిరి ఉంటే అయిపోయేది. మేం ఎవ్వరం కనుక్కోలేకపోయేవాళ్లం. ఆయన వెనకాల నేనూ ఆర్పేదాన్ని, ఏడాదంతా నోరు మూసుకుని పడి ఉండేదాన్ని, ఆయన బేరం గట్టెక్కేది. మమ్మల్ని అమ్మగలిగిన మనిషి ఒక వత్తి ముందు అబద్ధమాడలేకపోయాడు. ఆ చెయ్యి వెనక్కి తీసుకోబట్టే నాకు దారి దొరికింది. అందుకు సంతోషించాలో ఏడవాలో తెలియక, బైపాసు బడికి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పేశాను. మా అమ్మాయి కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు.

మేలో కొత్త బడి ఆటో ఎక్కి రొంపిచెర్ల వెళ్లాను. చేతిలో కొత్త పాంప్లెట్లు. దీపం ఆర్పినవాళ్లలో సగంమంది అప్పటికే చెల్లాచెదురయ్యారు. ఒట్టు పెట్టనన్న లెక్కల సారు మాత్రం పాత బళ్లోనే ఉన్నాడని విన్నాను. కొత్త బడివాళ్లు నన్ను చేర్చుకున్న వారంలోనే, అడ్మిషన్లు చూశాక మీ పోస్టు సంగతి చూద్దామన్నారు. పన్నెండు నెలల జీతం మాట మళ్లీ ఎత్తలేదు. కాబట్టి రొంపిచెర్ల నుంచి ఉత్త చేతులతో వెళ్లే పరిస్థితి కాదు నాది.

నా మాట మీద కూతుర్ని పాత బళ్లో వేసిన ఒకావిడ ఉంది అక్కడ. ముందు ఆ ఇంటికే వెళ్లాను. ఆవిడ వాకిట్లో గోనెపట్టా పరిచి మిరప తాలుకాయలు ఏరుతోంది. ఘాటుకి గుమ్మంలోనే తుమ్ములొచ్చాయి. తుమ్మి, కళ్లు తుడుచుకుని చూస్తే, వసారాలో మంచం మీద పెద్దసారు కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. కొన్నవాళ్లు ఆయన్ని ఏడాది పాటు డైరెక్టరు పేరుతో ఉంచారట. మెడలో నీలం రిబ్బనుకి ఐడీ కార్డు వేలాడుతోంది. ఒకప్పుడు ఐడీ కార్డు మర్చిపోయామని మమ్మల్ని గేటు దగ్గర నిలబెట్టిన మనిషి.

లేవబోయి, మళ్లీ కూర్చున్నారు. "ఇంక నువ్వు చెప్పమ్మా, నేను చెప్పేశా" అన్నారు.

నేను పాంప్లెట్ తీశాను. ఆ తల్లి దాన్ని అందుకోలేదు. మిరపకాయల చెయ్యి చీరకి తుడుచుకుంటూ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఏంది మేడం ఇది? నువ్వుంటావనే గదా నా పిల్లని ఆ బళ్లో ఏసింది. నువ్వేమో ఈ బడికి రమ్మంటన్నావు. బడి నాదన్న సారేమో మెడలో బిళ్ల కట్టుకుని వచ్చాడు. నేనెవుర్ని నమ్మాల?"

మేమిద్దరం ఒకేసారి ఏదో మొదలుపెట్టి, ఒకేసారి ఆగాం.

"ఏమే, ఇట్టా రా" అని ఆవిడ లోపలికి కేకేసింది. ఏడో తరగతిలోకి వచ్చే పిల్ల బయటికొచ్చింది, తలకి నూనె పెట్టి రెండు జడలు వేసుంది. నన్ను చూసి నవ్వింది. తల్లి దాన్ని మా ఇద్దరి మధ్యా నిలబెట్టింది.

"దీని నెత్తిన చెయ్యి పెట్టి చెప్పండి. ఇది పదో తరగతి దాటేదాకా మీ బళ్లోంచి కదలనని. ఎవురు పెడితే ఆళ్ల బడికే పంపుతా. ఫీజు తగ్గించమని గూడా అడగను."

ఆ పిల్ల పాపిడి నాకు మూరెడు దూరంలో ఉంది. నాకు ఆ అడ్మిషను కావాలి. ఈ తల్లి ఒప్పుకుంటే ఈ వీధంతా ఒప్పుకుంటుంది. చెయ్యి లేచింది కూడా. కానీ ఆ బళ్లో నన్ను ఉంచుతారో లేదో నాకు తెలియదు. ఉంచినా, రేపు ఇంకో ఫోనొస్తే నేనేం చేస్తానో అది అసలే తెలియదు. పెద్దసారు నా చేతినే చూస్తున్నారు. నేను దాన్ని దింపి బ్యాగు పట్టీ సర్దుకున్నాను. ఆయన తన చేతులు ఒళ్లోని పాంప్లెట్ల కింద పెట్టుకున్నారు.

పిల్ల కాసేపు తల వంచుకుని నిలబడి, ఎవరూ చెయ్యి పెట్టకపోయేసరికి తలెత్తి అమ్మ వైపు చూసింది.

"సరే, పోండిక" అంది ఆవిడ. కోపంగా కూడా అనలేదు. "ఊళ్లో గవర్నమెంటు బడికే పంపుతా. ఆ బళ్లో సారుకి బదిలీ అయితే అందరికీ చెప్పి, దండ ఏయించుకుని మరీ పోతాడు. మేడం, మజ్జిగ తాగి ఎళ్లు, ఎండ మాడుస్తంది."

మజ్జిగ తాగాను. తాగకపోతే బాగుండదు. ఇద్దరం కలిసే వీధిలోకి వచ్చాం. వేపచెట్టు కింద వాళ్ల ఆటో ఒకటి, మా ఆటో ఒకటి పక్కపక్కనే ఉన్నాయి.

"నువ్వన్నా పెట్టాల్సింది అమ్మాయ్ చెయ్యి. బంగారం లాంటి అడ్మిషను" అన్నారు పెద్దసారు.

"మీరు ఆ రోజు దీపం ఆర్పారా సార్?"

ఆయన నడక ఆపి నా మొహంలోకి చూశారు. "ఆర్పలా" అన్నారు.

"నేను మీ దగ్గర పనిచేసినదాన్నే కదా సార్" అన్నాను.

ఆయన మెడలో కార్డు తీసి చొక్కా జేబులో దోపుకుని వాళ్ల ఆటో ఎక్కారు. నేను మా ఆటో ఎక్కాను.